ఫ్యాను కోసం వస్తారట!

గ్రంథాలయ సంస్థల బాధ్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ పరిషత్తు బాధ్యులకు, జిల్లా గ్రంథాలయ సంస్థల అధ్యక్షులకు, కార్యదర్శులకు,

దొరవారిసత్రం నుంచి రాస్తున్న ఉత్తరం ఇది.

“వాళ్ళు చదవను రార్లే సార్. ఫ్యాను కిందకి వస్తారు.”

మీ శాఖా గ్రంథాలయాల్లో ఒకదానిలో, ఒక ఆదివారం పొద్దున, పనికి వలస వచ్చిన కుర్రాళ్ళ గురించి వినబడిన మాట ఇది. ఏ ఊళ్ళో, ఎవరన్నారు అన్నది ఈ ఉత్తరానికి అక్కర్లేదు. అన్నాయన చెడ్డవాడేం కాదు. ఒక్కడే తాళం తీసి, ఊడ్చి, పేపర్లు సర్ది, రిజిస్టరు చూసుకుని, మళ్ళీ తాళం వేసుకుని పోయే మనిషి. ఆయన మీద ఫిర్యాదు కాదిది. ఆ మాట ఆయన నోటికి ఎక్కణ్ణుంచి వచ్చిందో మిమ్మల్ని అడగాలని.

ఆ పూట బల్ల దగ్గర నలుగురున్నారు. ముగ్గురు రిటైరైన పెద్దలు, జిల్లా ఎడిషన్‌ను తలా ఒక కాగితం పంచుకుని చదువుతున్నారు. నాలుగోవాడు ఇరవై ఏళ్ళ కుర్రాడు. చెప్పులు గడప బయటే విడిచి వచ్చాడు. పెద్దలు విడవలేదు. ఆ చెప్పుల పట్టీల్లో సిమెంటు ఎండిపోయి ఉంది. పేపరు అందుకుని బొమ్మలు చూశాడు, సినిమా పేజీ దగ్గర కాసేపు ఆగాడు, మడతలు సరిచేసి ఎక్కడిదక్కడ పెట్టాడు. తర్వాత లేచి గోడ మీది భారతదేశం పటం ముందు నిలబడ్డాడు. చూపుడువేలు చెన్నైకి కాస్త పైన ఆనించి, తీరం వెంబడి మెల్లగా జరుపుకుంటూ పోయాడు. నెల్లూరు, బందరు, కాకినాడ, విశాఖపట్నం అన్నీ దాటాక ఒడిశాలోని గంజాం దగ్గర ఆపాడు. వేలు అక్కడ చాలాసేపు ఉంది. పటంలో పేర్లన్నీ తెలుగులోనే ఉన్నాయి. సొంతూరి దిక్కు పట్టుకోడానికి అతనికి అక్షరాలు కావలసి రాలేదు, తీరం వంపు చాలింది.

పోయేముందు రిజిస్టరులో సంతకం పెట్టాడు. గుమ్మం దగ్గర చిక్కంతా అప్పుడొచ్చింది. తాళం తీసే ఆయన చూసి అన్నాడు: “ఏంది అబ్బయా ఇది, కోడి కెలికినట్టు! తెలుగులో రాయి, రాకుంటే ఇంగ్లీషులో రాయి.” కుర్రాడికి మాట అర్థం కాలేదు, చెయ్యి చూపించిన తీరు అర్థమైంది. తను రాసిన వరుసను అడ్డంగా కొట్టేసి, దాని కింద ఇంగ్లీషు పెద్దక్షరాలు ఒక్కొక్కటే పేర్చి పేరు రాశాడు. ఆ కొట్టేసినవి ఒడియా అక్షరాలు. మన అక్షరాల్లాగే గుండ్రంగా ఉంటాయి, పైన గొడుగు పట్టినట్టు వంపు ఉంటుంది. తాటాకు మీద గంటంతో అడ్డగీత గీస్తే ఆకు చీలుతుంది కాబట్టి రెండు భాషలవాళ్ళూ గుండ్రంగానే రాసుకున్నారని లిపి చరిత్ర రాసినవాళ్ళు చెబుతారు. ఒకే తాటాకు మీద పుట్టిన అక్షరాలు మీ రిజిస్టరులో మాత్రం కోడి కెలుకుళ్ళు అయ్యాయి.

ఇక ఫ్యాను సంగతి. ఏప్రిల్, మే నెలల్లో నెల్లూరు సీమలో ఫ్యాను కోసం గ్రంథాలయానికి రానివాడెవడో చెప్పండి. ఆ ముగ్గురు పెద్దలూ ఇంట్లో పేపరు లేక వచ్చారా? ఫ్యాను కోసం వచ్చినవాడి చేతికి అందేంత దూరంలో పుస్తకం పెట్టడమే కదా మీ ఉద్యోగం? పెద్దల చేతికి పేపరు అందింది. కుర్రాడి చేతికి ఏం అందేట్టు పెట్టారు మీరు?

ఈ ప్రాంతంలో అతనొక్కడే అయితే ఇంత ఉత్తరం అక్కర్లేదు. నాయుడుపేట పక్కన మేనకూరు, తడ పక్కన మాంబట్టు, సత్యవేడు వైపు శ్రీసిటీ. ఈ మూడు పారిశ్రామిక వాడల మధ్య జాతీయ రహదారి మీద సాయంత్రం షిఫ్టు వదిలే వేళ నిలబడితే ఒడియా, హిందీ, బెంగాలీ, భోజ్‌పురి, తమిళం అన్నీ చెవిన పడతాయి. బియ్యం మిల్లుల్లో బస్తాలు మోసేవాళ్ళు, రొయ్యల ప్లాంట్లలో తలలు తీసేవాళ్ళు, రోడ్డు పనివాళ్ళు, హోటళ్ళలో పరోటా కొట్టేవాళ్ళు సరేసరి. ఊళ్ళో గది అద్దెకిచ్చే ప్రతి ఇంటాయనకీ వీళ్ళ సంగతి తెలుసు. కిరాణా కొట్టాయన ‘ఆలూ, ప్యాజ్’ అనడం నేర్చాడు. సెల్ రీఛార్జి కొట్టులో హిందీ బోర్డు వెలిసింది. కండక్టర్లు చిల్లర లెక్క హిందీలో చెబుతున్నారు. ఊరంతా నాలుగు ముక్కలు నేర్చుకుంటే, భాషల కోసమే పుట్టిన సంస్థ ఒక్కటి నేర్చుకోకుండా కూర్చుందంటే ఏమనుకోవాలి?

మీరు ఎవరి డబ్బుతో నడుస్తున్నారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా మీకు రావాలి. ఒక గదిలో ఆరుగురు సర్దుకుని నెలనెలా అద్దె కడుతున్నారు. ఇంటాయన పంచాయతీకి కట్టే పన్ను ఆ అద్దెలోంచే తీసి కడుతున్నాడు. అంటే రసీదు ఎవరి పేరు మీద ఉన్నా, ఆ 8 పైసల్లో గంజాం కుర్రాడి చెమట కూడా ఉంది. ఇచ్చేవాడు పరాయివాడు కానప్పుడు పుచ్చుకునేవాడు పరాయివాడెలా అయ్యాడు?

మీ నుంచి రాగల జవాబు తెలిసిందే. “ఒడియా పాఠకులు లేరు కాబట్టి ఒడియా పుస్తకాలు కొనలేదు.” ఎంతమంది వచ్చారో తేల్చేది ఆ సంతకాల రిజిస్టరే. నెలాఖరున పై ఆఫీసుకు వెళ్ళే లెక్క అందులోంచే వెళుతుంది. సంతకం కొట్టేయించిన చోట పాఠకుడు లెక్కకెలా వస్తాడు? పుస్తకం లేదు కాబట్టి పాఠకుడు రాడు, పాఠకుడు రాడు కాబట్టి పుస్తకం కొనరు. ఈ గానుగెద్దు తిరుగుడు ఎక్కడో ఒకచోట తెగాలి. తెంపాల్సింది ఎద్దా, గానుగ నడిపేవాడా?

దొరవారిసత్రం అన్న పేరు మీకు రాయడానికి ఊరికే వాడుకున్నది కాదు. పేరులోనే ఉంది సత్రం. దక్షిణానికీ ఉత్తరానికీ నడిచే బాటసారులకు తలదాచుకునే చోటు. చెన్నపట్నం నుంచి 1830 మేలో కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య, తిరుగు ప్రయాణంలో జగన్నాథం చూసుకుని తీరం వెంట నెల్లూరు మీదుగా 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. దారిపొడుగునా ఏ మజిలీలో సత్రం ఉంది, ఎక్కడ నీళ్ళు మంచివి, ఎక్కడ వంటచెరకు దొరుకుతుంది అని రాసుకుంటూనే వచ్చాడు. ఒడియా సీమ నుంచి తెలుగు సీమలోకి ఆయన ప్రయాణించిన తీరమే ఇప్పుడు ఆ కుర్రాడి వేలు పటం మీద ఎదురు నడిచిన తీరం. కులం అడిగి అరుగు చూపించిన సత్రాలు ఉండేవి, ఆ మాట దాచిపెట్టాల్సిన పని లేదు. కానీ, నీకు మా భాష రాదు కదా, లేచి వెళ్ళు అన్న సత్రం ఉందని మాత్రం ఎవరూ చెప్పుకోలేదు.

పరభాషవాళ్ళు ఈ ప్రాంతానికి కొత్త కూడా కాదు. పులికాట్ సరస్సు చుట్టూ ఉన్న మత్స్యకార పల్లెల్లో ఇంట్లో తమిళం, సంతలో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. అంతకన్నా చెప్పుకోదగ్గది ఇంకొకటుంది. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం మొదలైనప్పటి నుంచి మలయాళం, హిందీ, బెంగాలీ మాట్లాడే ఇంజినీర్లు సూళ్ళూరుపేటలో కాపురాలు పెట్టారు. వాళ్ళను ఎవరూ ‘వలస’ అనలేదు, ‘సార్’ అన్నారు. వాళ్ళ పిల్లలకు సెంట్రల్ స్కూలు వచ్చింది. అదే దారిన, అదే రైల్లో, రిజర్వేషన్ లేని పెట్టెలో వచ్చినవాడికి మాత్రం ఆ ‘వలస’ మాట తగులుకుంది. తేడా భాషలో ఉందా, జీతంలో ఉందా?

నేలపట్టు పక్షుల గురించి మాట్లాడకుండా దొరవారిసత్రం మండలం నుంచి ఎవరూ ఉత్తరం రాయలేరు కాబట్టి అదీ చెప్పేస్తే సరి. 1976లో పక్షుల సంరక్షణ కేంద్రంగా ప్రకటించిన ఆ చెరువులో, నీళ్ళలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కడతాయి. చలికాలంలో వాటి పేరిట, పులికాట్‌కు వచ్చే ఫ్లెమింగోల పేరిట పండుగ చేస్తారు, బ్యానర్లు కడతారు, మంత్రులు వస్తారు. వలస పక్షులకు పండుగ, వలస మనుషులకు చీదరింపు అని ఒక మాట అనేసి చేతులు దులుపుకోవచ్చు. అది తేలిక మాట, చాలామంది అన్నదే. అసలు గమనించాల్సింది ఆ ఊరి రైతులను. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు పొలానికి బలమని వాళ్ళు ఎప్పుడో లెక్క కట్టుకున్నారు. ప్రభుత్వం బోర్డు పెట్టకముందే ఆ పక్షుల జోలికి పోకుండా కాపాడుకున్నారు. వాళ్ళది ఉత్త జాలి కాదు, ఇచ్చిపుచ్చుకునే లెక్క తెలిసిన మర్యాద. మీ దగ్గర నుంచి కోరుతున్నదీ జాలి కాదు, ఆ లెక్కే.

ఆ లెక్క మీకు మీ చరిత్రే చెప్పాలి. 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఎందుకు పుట్టింది? రాజభాష ఉర్దూ అయిన చోట, కచేరీల్లో, బడుల్లో తమ మాట వినబడని తెలుగువాళ్ళు, కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు వంటివారు పూనుకుని, మా భాషలో చదువుకునే చోటొకటి మాకు కావాలని పెట్టుకున్నది అది. కాశీనాథుని నాగేశ్వరరావు ‘ఆంధ్రపత్రిక’ను 1908లో మొదలుపెట్టింది బెజవాడలో కాదు, చెన్నపట్నంలో కాదు. బొంబాయిలో. పరాయి ఊళ్ళో పొట్టపోసుకుంటున్న తెలుగువాడికి తెలుగు అచ్చులో కనబడితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. ఆ బొంబాయి నగరపాలక సంస్థ తన బడుల్లో తెలుగు మాధ్యమం కూడా నడిపింది. మిల్లుల్లో, నిర్మాణాల్లో పనికి వెళ్ళిన పాలమూరు, కరీంనగర్ కూలీల పిల్లలు మరాఠీ గడ్డ మీద ‘అ, ఆ’లు దిద్దారు. ఆ ఊరివాళ్ళు “మీ భాష మాకెందుకు” అని ఉంటే?

మీ ఉద్యమ పితామహుడు అయ్యంకి వెంకటరమణయ్య 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల్ని కూడగట్టారు. ఆ ఉద్యమం పుస్తకాన్ని పాఠకుడి దగ్గరకు నడిపించింది. 1935లో పాతూరి నాగభూషణం పుస్తకాలను పడవకెక్కించి కృష్ణా డెల్టా కాలువల మీద ఊరూరా తిప్పాడు. పాఠకుడు రాలేదు కాబట్టి పుస్తకం అక్కర్లేదు అని ఆయన రిజిస్టరు చూసి కూర్చుని ఉంటే ఆ పడవ రేవు దాటేదా? ఈ నెల్లూరు సీమ మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు, 1948లో, స్వతంత్ర భారతంలో మొట్టమొదటి గ్రంథాలయ చట్టం వచ్చింది. దాని వెనుక ఉన్న ఎస్.ఆర్. రంగనాథన్ 1931లోనే గ్రంథాలయానికి ఐదు సూత్రాలు రాశారు. రెండోది, ప్రతి పాఠకుడికీ తన పుస్తకం. దేశంలో గ్రంథాలయ శాస్త్రం చదివినవాళ్ళకు ఆ సూత్రం తెలిసిన పాఠమే. యునెస్కో పౌర గ్రంథాలయ ప్రకటన, 1994 నాటిదైనా 2022లో సవరించినదైనా, భాషను బట్టి ఎవరికీ సేవ తగ్గించకూడదని, భాషాపరంగా అల్పసంఖ్యాకులైనవాళ్ళ కోసం ప్రత్యేకంగా పుస్తకాలు, సేవలు ఏర్పాటు చేయాలని చెబుతోంది.

తెలుగుకు అన్యాయం జరుగుతుందని బెంగపడేవారికి గిడుగు రామమూర్తి పంతులు గారిని చూపించాలి. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజున తెలుగు భాషా దినోత్సవం జరుపుతారు. మీ గ్రంథాలయాల్లోనూ దండ వేస్తారు. ఆయన పర్లాకిమిడిలో ఉండగా చేసిన పెద్ద పనుల్లో ఒకటి, ఎవరూ పట్టించుకోని సవరల భాష నేర్చుకోవడం. నేర్చుకుని ఊరుకోలేదు, సవర పిల్లలకు సవరలోనే వాచకాలు రాశారు, చేతి డబ్బు పెట్టి బడులు నడిపారు, నిఘంటువు కూర్చారు. వాడుక భాష కోసం పండితులతో పోట్లాడిన మనిషీ, సవర వాచకం రాసిన మనిషీ ఒక్కరే. ఇంటి భాష విలువ తెలిసినవాడికే పక్కింటివాడి భాష విలువ తెలుస్తుందన్న సంగతి ఆ దండ వేసే చేతులకు తట్టలేదా?

పైగా తెలుగుకు దీనివల్ల లాభమే. ఈ కుర్రాళ్ళలో చాలామందికి తెలుగు నేర్చుకోవాలని ఉంది. మేస్త్రీ మాట అర్థం కావాలి, ఆస్పత్రిలో నొప్పి ఎక్కడో చెప్పుకోవాలి, యంత్రం మీద అతికించిన హెచ్చరిక చదవాలి. కేరళలో అక్షరాస్యతా మిషన్ 2017లో పెరుంబావూరులో ‘చంగాతి’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. చంగాతి అంటే స్నేహితుడు. ‘హమారీ మలయాళం’ అని ఒక వాచకం తయారుచేసి, ప్లైవుడ్ ఫ్యాక్టరీల్లో పనిచేసే బిహారీలకు, బెంగాలీలకు మలయాళం నేర్పింది. ‘హమారీ’ అన్న ఆ ఒక్క మాట చూడండి. వచ్చినవాడి భాషలోనే పిలిచి, ఇది మనందరిదీ అని చెప్పింది. తెలుగు అంతరించిపోతోందని సభలు పెట్టి కంటతడి పెట్టుకుంటాం. తెలుగు నేర్చుకుంటానని గుమ్మంలోకి వచ్చినవాడి చేతిలో పెట్టడానికి మన దగ్గర ‘హమారీ తెలుగు’ ఉందా?

డబ్బుల్లేవు అంటారు. అది అబద్ధం కాదు. స్థానిక సంస్థలు వసూలు చేసిన గ్రంథాలయ పన్ను మీకు జమ చేయకుండా బకాయి పెట్టడం ఏళ్ళ తరబడి సాగుతున్న కథే. పోస్టులు ఖాళీ, భవనాలకు పైకప్పు కారుతుంది, తెలుగు పుస్తకాలకే దిక్కు లేదు. ఈ కష్టం తెలిసే అడుగుతున్నది. అడిగేవి కోట్ల పనులు కావు. బల్ల మీద ఒక హిందీ దినపత్రిక, వీలైతే తపాలాలో రెండు రోజులు ఆలస్యంగా వచ్చినా సరే ఒక ఒడియా పత్రిక. పాత పేపరు చదవడం ఊరికి దూరంగా ఉన్నవాడికి చిన్నతనమేమీ కాదు, దుబాయిలో, మస్కట్‌లో ఉన్న కడప, గోదావరి జిల్లాలవాళ్ళను అడగండి. శ్రీకాకుళం జిల్లాలో ఒడియా మాధ్యమ బడులున్నాయి, వాటిలో ఒడియా పాఠ్యపుస్తకాలున్నాయి. ఒకటి నుంచి అయిదు తరగతుల సెట్టు ఒకటి ఆ చివర నుంచి ఈ చివరకు పంపడానికి ఏ చట్టం అడ్డు? ఇటుక బట్టీల్లో, షెడ్లలో తల్లిదండ్రులతో ఉండిపోయిన పిల్లలకు అవే మొదటి పుస్తకాలవుతాయి. హైదరాబాద్ చుట్టుపక్కల బట్టీల దగ్గర ఒడియా పిల్లలకు ఒడియాలోనే చెప్పే బడులు నడిచాయి. అది మనకు చేతకాని పని కాదు. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో పిల్లల కథలు ఒడియా, హిందీ, బెంగాలీ, తెలుగు అన్నింట్లోనూ ఉచితంగా ఉన్నాయి. ఒకే బొమ్మల కథ ఒక పక్క ఒడియాలో, ఒక పక్క తెలుగులో అచ్చుతీసి కుట్టిస్తే జిరాక్సు ఖర్చు. పుస్తకాల కొనుగోలుకు కలకత్తాలోని రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ 1972 నుంచి రాష్ట్రాలకు సాయం చేస్తూనే ఉంది. మీరు పంపే జాబితాలో ఇతర భాషల పుస్తకాలు ఎన్ని రాస్తున్నారు?

పుస్తకం ఇంటికి ఇచ్చే విషయం ఇంకో చిక్కు. స్థానిక చిరునామా, ఊరివాడి పూచీ అడిగే చోట గది మార్చుకుంటూ తిరిగే మనిషి సభ్యుడెలా అవుతాడు? బియ్యం విషయంలో ఈ ముడి ఎప్పుడో విప్పేశారు. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మధ్య మొదలైన ఏర్పాటుతో రేషన్ కార్డు రాష్ట్రం హద్దు దాటింది, తర్వాత దేశమంతా చెల్లింది. ఎవరి ఊరు ఎక్కడున్నా ఇక్కడి చౌకధరల దుకాణంలో వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. బియ్యం ఇవ్వడానికి సరిపోయిన వేలిముద్ర పుస్తకం ఇవ్వడానికి ఎందుకు సరిపోదు? పోయినా పోయేది నలభై రూపాయల పుస్తకం. మీ బీరువాల్లో చెదలు తిన్నవాటి లెక్క దానికంటే చాలా పెద్దది.

ఇక మీ గుమ్మాల దగ్గర పరిస్థితి. తెరిచే వేళలు, సభ్యత్వం నియమాలు రాసిన బోర్డు మీద రెండు లైన్లు హిందీలో, రెండు ఒడియాలో కలపండి. శుక్రవారం మూసి ఆదివారం తెరవడం మన గ్రంథాలయాల పాత ఆనవాయితీ. ఆదివారం ఒక్కటే ఖాళీ దొరికే కార్మికుడికి ఇంతకన్నా కలిసొచ్చే ఏర్పాటు ఉండదు, ఆ సంగతి అతనికి తెలిస్తే. ఒక మూల ఫోను ఛార్జింగు పెట్టుకునే ప్లగ్గు ఉంచండి. నవ్వకండి. ఆరుగురున్న గదిలో ఒక్క ప్లగ్గు కోసం ఎంత పోట్లాటో చూసినవాళ్ళకు తెలుస్తుంది. ఛార్జి ఎక్కే అరగంటలో మనిషి ఏదో ఒకటి చేతిలోకి తీసుకుంటాడు. బ్యాంకు ఫారం, పీఎఫ్ కాగితం, బిడ్డ పుట్టిన సర్టిఫికెట్ నింపుకోడానికి వారంలో ఒక గంట సాయం చేయగలిగిన డిగ్రీ విద్యార్థులు, రిటైరైన హిందీ పండితులు ప్రతి ఊళ్ళో ఉన్నారు. వాళ్ళను పిలిచినవాళ్ళే లేరు.

చదువు చిన్న విషయం కాదని ఈ సీమకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమం నెల్లూరు పల్లెల్లో రాత్రి బడులు నడిపింది. ఆ వాచకంలోని సీతమ్మ కథ దూబగుంట ఆడవాళ్ళు చదివారు. 1992లో సారా కొట్టు మూయించారు. అక్కణ్ణుంచి అది నెల్లూరు జిల్లా అంతా పాకింది, 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ ఆడవాళ్ళు తమ భాషలో తమ కథ చదివారు కాబట్టి అంత జరిగింది. పరాయి భాషలో ముక్కున పట్టిన పాఠమైతే సారా కొట్టు అక్కడే ఉండేది. కూలి లెక్క, ఓటీ లెక్క, కోత లెక్క రాసిన చీటీ చదవలేని కుర్రాడికి మీరు ఇవ్వగలిగింది ఫ్యాను గాలేనా?

2020 వేసవి మరిచిపోయారేమో. లాక్‌డౌన్ పడ్డాక ఈ జాతీయ రహదారి మీదే, చెన్నై నుంచి ఉత్తరానికి, సంచులు తల మీద పెట్టుకుని నడిచిపోయారు వీళ్ళు. సూళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరు, నెల్లూరు. దారిపొడుగునా ఊళ్ళవాళ్ళు మజ్జిగ పోశారు, పులిహోర పొట్లాలు ఇచ్చారు. ఏ భాష అని ఎవరూ అడగలేదు. ఆ వేసవిలో ఈ ఊళ్ళు చేసింది మామూలు రోజుల్లో మీ సంస్థలు చేయలేవా?

ప్రతి ఏడూ నవంబరు 14 నుంచి 20 దాకా జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు జరుపుతారు. వ్యాసరచన, పాటల పోటీలు, బహుమతులు, చివరిరోజు సన్మానం. అవన్నీ యథావిధిగా జరపండి. వచ్చే నవంబరు 14లోగా దొరవారిసత్రం చుట్టుపక్కల శాఖల్లో మూడు పనులు చేయిస్తామని లిఖితంగా చెప్పండి. బల్ల మీద తెలుగేతర దినపత్రికలు, బీరువాలో ఒక్క అర అయినా ఒడియా, హిందీ, బెంగాలీ పుస్తకాలు, సందర్శకుల రిజిస్టరులో ‘భాష’ అని ఒక కొత్త గడి. పత్రిక ఏ రోజు నుంచి వస్తుందో, కొనుగోలు జాబితాలో ఏ పుస్తకాలున్నాయో గోడ మీద అంటించండి. చేయలేమంటే ఎందుకు చేయలేరో అదైనా అంటించండి, చదువుకుంటాం.

ఆ శాఖకు మీలో ఎవరైనా తనిఖీకి వెళితే రిజిస్టరు తెప్పించుకుని, వేసవిలో ఒక ఆదివారం నాటి పేజీ తిప్పి చూడండి. ఒక వరుస అడ్డంగా కొట్టేసి ఉంటుంది. గీత కింద అక్షరాలు ఇంకా కనబడుతూనే ఉన్నాయి. గుండ్రంగా, పైన గొడుగు పట్టినట్టు. మీ ఆఫీసులో ఒడియా చదవగలిగినవాళ్ళు ఒక్కరైనా ఉంటే, ఆ కుర్రాడి పేరేమిటో చదివి చెప్పమనండి.

ఇట్లు,
దొరవారిసత్రం నుంచి ఒక గ్రంథాలయ పాఠకుడు